సోమాచారి గుండె తిత్తి

ఏదులగుట్ట అనే ఊళ్లో సోమాచారి అనే కమ్మరి ఉండేవాడు. పనిలో ఆయనకు సాటి లేరు గానీ, ఎవరినీ ఏమీ అడగకుండా అన్నీ తానే పరీక్షించి చూడాలనే పిచ్చి ఆయనకు ఉండేది. కొడవలి పదును వేలితో చూసేవాడు. కొత్త చెప్పు గట్టిదో కాదో ముల్లు తొక్కి చూసేవాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ కొలిమి దగ్గర తోలుతిత్తి ఊదేది. ఆమె చేయి కాస్త తొందరపడితే చాలు, "తిత్తి నిండనియ్యవే. నిండకముందే నొక్కితే గాలి యాడికెల్లి వస్తది?" అని కసిరేవాడు.

ఒకసారి సోమాచారికి గుండెపోటు వచ్చింది. పట్నం డాక్టరమ్మ ఆయనను బతికించి మందులు రాసిచ్చింది. వాటిలో ఒకటి బీటా బ్లాకర్ అనే చిన్న మాత్ర. "ఇది రోజూ వేసుకోండి. నన్ను అడగకుండా మానకండి," అంది. ఎందుకని సోమాచారి అడగలేదు.

ఇంటికొచ్చి కొన్నాళ్లయ్యాక, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టుకున్నాడు. మాత్రకు ముందు, ఆసుపత్రిలో చూసినప్పుడు, నిమిషానికి తొంభై, ఇప్పుడు అరవై. ఆయనకు భలే వింతగా తోచింది.

"సుత్తి దెబ్బలు తగ్గితే పని తగ్గినట్టే గదా. ఈ బిళ్ల నా గుండెను సోమరిని చేస్తున్నది. మానేసి చూస్తా," అన్నాడు.

"డాక్టరమ్మను అడగరాదు?" అంది ఈశ్వరమ్మ.

"నా గుండె సంగతి నాకు తెల్వదా?" అన్నాడు.

మొదటి రోజు నాడి డెబ్బై అయిదు కొట్టుకుంది. సోమాచారి మురిసిపోయాడు. మూడో రోజు నూట పది. ఎందాకా పోతుందో చూద్దామని నాగటి కర్రు కాల్చి సుత్తి ఎత్తాడు. రెండు దెబ్బలు వేశాడో లేదో, ఛాతీని ఎవరో పిడికిట్లో బిగించినట్టయింది. సుత్తి జారిపోయింది. ఈశ్వరమ్మ ఏడుస్తూనే ఆటో పిలిపించి ఆయనను ఆసుపత్రికి చేర్చింది.

చావు తప్పి కన్ను లొట్టపోయిన సోమాచారి, తెలివి వచ్చాక బతుకులో మొదటిసారి ఒక మనిషిని ప్రశ్న అడిగాడు.

"డాక్టరమ్మా, ఆ బిళ్ల ఏం చేస్తది?"

"కంగారు పడినా, కష్టం చేసినా, పరుగెత్తమని గుండెకు కబురు వస్తుంది. దెబ్బతిన్న గుండె ఆ పరుగుకు తట్టుకోలేదు. ఈ మాత్ర ఆ కబురు జోరు తగ్గిస్తుంది. అప్పుడు గుండె నింపాదిగా నిండి, నింపాదిగా కొట్టుకుంటుంది. మీరు ఉన్నట్టుండి మానేసరికి ఆ కబుర్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి."

మంచం పక్కనుంచి ఈశ్వరమ్మ అంది: "ముప్పై ఏండ్లు నన్ను నిండినంక నొక్కమంటివి. నీ ఎదలో తిత్తి సంగతి నీకే తెల్వకపాయె."

సోమాచారి ఛాతీ మీద చేయి వేసుకుని గుండె చప్పుడు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మాత్ర కోసం చేయి చాపాడు.

తెలుసుకోవాలనే ఆశ మంచిదే. కానీ అడిగితే తెలిసేదాన్ని ప్రాణం మీద పరీక్ష పెట్టి తెలుసుకోకూడదు.