మోదుగాకు మీద వెళ్లిపోయిన కథ

గుట్టల నడుమ ఇప్పవనం అనే అడవి ఉండేది. అందులో కొండముచ్చులు, నెమళ్లు, ఎలుగుబంట్లు, ఏదుపందులు, అడవిదున్నలు కలిసి బతికేవి. పొద్దున పోట్లాడుకున్నా సాయంత్రానికి మళ్లీ ఒక్కటయ్యేవి. అంత చిన్న అడవిలో అలిగి కూర్చోవడానికి చోటెక్కడిది?

ఆ అడవికి ఒక ముచ్చట ఉండేది. ఏటా వేసవి చివర్లో, ఇప్పకాయలు రాలే రోజుల్లో, వాగు ఒడ్డున జరగని కథల పోటీ పెట్టుకునేవారు. జరిగిన సంగతి చెప్పకూడదు. ఎక్కడా జరగనిది, ఎవరూ చూడనిది, వింటుంటే మాత్రం నిజమేనేమో అనిపించేది చెప్పాలి. అదీ పొట్టిగా చెప్పాలి. పెద్దదిక్కు అయిన తాబేలు ఒక మోదుగాకును వాగులో వదిలేది. ఆ ఆకు మలుపు తిరిగేలోగా కథ కంచికి చేరాలి.

తీర్పు చెప్పేదీ కథలు చెప్పినవాళ్లే. కథ కట్టే కష్టం కట్టినవాడికే తెలుస్తుందని పెద్దల మాట. పొద వెనక ఒక్కొక్కరి పేరున ఒక్కో ఎండు సొరబుర్ర ఉండేది. ఒంటరిగా వెళ్లి, నచ్చిన కథ చెప్పినవారి బుర్రలో ఒక ఇప్పగింజ వేసి రావాలి. తన బుర్రలో తాను వేసుకోకూడదు.

గెలిచిన కథను గోరింక కంఠతా పట్టేది. ఏడాది పొడుగునా ప్రతి పున్నమికీ అందరికీ వినిపించేది. రెండు కథలకు సమానంగా గింజలు పడితే రెండూ వినిపించేది. ఓడిన కథలకు మాత్రం తలా ఒక మోదుగాకు వాగులో వదిలేవారు. ఇక వాటిని ఎవరూ మళ్లీ చెప్పకూడదు. పాతవి వెళ్లిపోతేనే కొత్తవి పుడతాయని ఆ అడవి నమ్మకం.

ఆ అడవిలో గవరయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. మాటకారి. కథ చెబుతూ తోకతో చుక్కలు చూపించేవాడు. కానీ ఎన్నేళ్లు పోటీకి వచ్చినా గెలుపు మాత్రం అందినట్టే అంది జారిపోయేది.

గవరయ్యకు ఆ పోటీ అంటే ప్రాణం. చిన్నప్పుడు అమ్మ పొట్టను కరుచుకుని అక్కడే కథలు విన్నాడు. వాగు చప్పుడు, ఇప్పకాయల వాసన, తల నిమురుతున్న అమ్మ చెయ్యి, అన్నీ ఇప్పటికీ గుర్తే. ఒక ఏడు అమ్మ తన గింజను ఏదుపంది అవ్వ కథకు వేసి, ఆ ఒక్క గింజ తేడాతోనే ఓడిపోయింది. ఓడిపోయి కూడా దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

"ఓడిపోయి నవ్వుతావేంటమ్మా?" అని అడిగాడు చిన్ని గవరయ్య.

"కథ దక్కింది కదరా," అంది అమ్మ.

అప్పుడు ఆ మాట వాడికి అర్థం కాలేదు. అమ్మ పోయి చాలా వానాకాలాలు గడిచినా అర్థం కాలేదు.

ఆ ఏడు గవరయ్య గెలిచి తీరాలనుకున్నాడు. కనపడిన వాళ్లందరితో, "ఈసారి గోరింక నోట నా కథే వింటారు, చూస్తూ ఉండండి," అని చెప్పుకున్నాడు. ఆలు లేదు, చూలు లేదు అన్నట్టుగా ఉందని చెట్ల మీది ఉడతలు నవ్వుకున్నాయి.

పోటీ రోజు రానే వచ్చింది. గవరయ్య చందమామ నుంచి కిందికి వేళ్లాడే చెట్టు కథ చెప్పాడు. నెమలి, రంగులన్నీ అలిగి అడవి వదిలి వెళ్లిపోయిన కథ చెప్పింది. ఎలుగుబంటి తేనెవాన కథ మొదలుపెట్టి, మధ్యలో నోరూరి కాసేపు ఆగిపోయింది. అడవిదున్న లేచి నిలబడి, "ఒక పచ్చిక మైదానం ఉంది. దానికి చివర లేదు. ఒక దున్న మేస్తూ వెళ్లింది. ఇంకా పచ్చిక ఉంది. ఇంకా మేసింది," అంటూ ఆకు మలుపు తిరిగేదాకా మేస్తూనే ఉంది.

చివరికి ఏదుపంది అవ్వ ముందుకు వచ్చింది. పళ్లు ఊడిపోయి గొంతు సన్నబడింది. అందరూ దగ్గరకు జరిగి కూర్చున్నారు.

"వానలో మనం అరిచే మాటలన్నీ వాన పట్టుకుపోతుంది," అని మొదలుపెట్టింది అవ్వ. "మబ్బులో దాచుకుంటుంది. ఒక్కటీ పారెయ్యదు. ఎప్పుడో ఒకనాడు తొలకరిలో ఎవరి మాట వాళ్లకు తెచ్చి ఇస్తుంది."

అవ్వ కథలో ఒక ముసలి కొంగ తొలకరిలో ఒంటికాలి మీద నిలబడింది. చిన్నప్పుడు తల్లి పిలిచిన పిలుపు ఆ వానలో వినపడింది. ఇంత వయసొచ్చిన కొంగ కూడా గబగబా గూటిలోకి పరుగెత్తింది.

"ఒరే గవరా, తడిసిపోతావు, లోపలికి రా," అని అమ్మ వానలో కేకలు వేయడం గవరయ్యకు గుర్తొచ్చింది. ఆ కేకను తలుచుకుని ఎన్నాళ్లయిందో. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత గింజల వంతు వచ్చింది. గవరయ్య పొద వెనక్కి వెళ్లాడు. అవ్వ సొరబుర్రకు గుర్తుగా ఒక ముల్లు గుచ్చి ఉంది. దాని మీదికి చెయ్యి తనంతట తానే వెళ్లింది.

వెళ్లిన చెయ్యి ఆగింది. అవ్వకు వేస్తే అవ్వ గెలుస్తుంది. నెమలికి వేస్తే నెమలి గెలుస్తుంది. దున్న కథకు ఎవరు వేస్తారు? అక్కడ వేస్తే తనకు వచ్చిన నష్టమేమీ లేదు. అవ్వ కథకు ఎలాగూ మిగతావాళ్లంతా వేస్తారు, తన గింజ ఎందుకు కలపాలి?

గింజను దున్న బుర్రలో పడేసి బయటికి వచ్చాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు.

తాబేలు బుర్రలన్నీ తెచ్చి అందరి ముందూ బోర్లించింది. నెమలి బుర్రలోనూ ఎలుగు బుర్రలోనూ ఏమీ లేదు. గవరయ్య బుర్రలోంచి ఒక గింజ రాలింది. అవ్వ బుర్రలోంచి ఒకటి రాలింది. దున్న బుర్రలోంచి మూడు రాలాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరికంటే ఎక్కువగా దున్నే బిత్తరపోయింది.

"ఇదేంటి తాతా, ఎక్కడో పొరపాటు జరిగింది," అంది దున్న. "నేను అవ్వ కథకు వేశాను. వింటుంటే ఏడుపొచ్చింది. అందరూ దానికే వేస్తారనుకున్నాను."

నెమలి తన కాళ్ల వైపు చూసుకుంది. ఎలుగుబంటి వీపు గోక్కుంది. గవరయ్య వాళ్లిద్దరినీ చూశాడు. తను చేసిన పనే వాళ్లూ చేశారని అప్పుడు అర్థమైంది. పొద వెనక ముగ్గురూ ఒక్కలాగే ఆలోచించారు.

"ఒక్క గింజ అటు కాక ఇటు పడి ఉంటే రెండు కథలూ నిలిచేవి," అంది తాబేలు. "పడలేదు. కట్టుబాటు కట్టుబాటే."

మిగతా ఓడిన కథలకు ఆకులు వదిలాక, చివరగా అవ్వ కథ పేరు చెప్పి ఒక మోదుగాకును వాగులో వదిలింది. ఆ ఆకు రాళ్ల మధ్య కాసేపు తిరిగి, మలుపు దాటి వెళ్లిపోయింది. గవరయ్య అది కనపడకుండా పోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

అందరూ వెళ్లిపోయాక అవ్వ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, ఆ కథ ఒక్కసారి చెప్పవూ? నా ఒక్కడికే. ఎవరికీ చెప్పను."

"వాగుకి ఇచ్చింది మళ్లీ తీసుకోకూడదు నాయనా," అంది అవ్వ. "అయినా నాకు సగం గుర్తు లేదు. మీ మొహాలు చూస్తూ అప్పటికప్పుడు అల్లింది కదా."

గవరయ్య తల దించుకున్నాడు. అవ్వ వాడి వీపు నిమిరింది.

"నీ చందమామ చెట్టు ఎంత బాగుందిరా. మీ అమ్మ వినుంటే పొంగిపోయేది. నా గింజ నీకే వేశాను."

ఆ మాట గవరయ్య మనసులో అవ్వ ఒంటి మీది ముల్లు కంటే లోతుగా దిగింది. అక్కడి నుంచి వచ్చేశాడు.

కొన్నాళ్లకు తొలకరి కురిసింది. అందరూ పొదల్లోకి దూరితే గవరయ్య ఒక్కడే కొమ్మ చివర కూర్చుని తడిశాడు. వానలో అమ్మ కేక వినపడుతుందేమోనని చెవులు రిక్కించాడు. అవ్వ కథలో కొంగ ఏ కాలి మీద నిలబడిందో, తల్లి ఏమని పిలిచిందో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. చినుకుల చప్పుడే వినపడింది.

ఆ ఏడాదంతా ప్రతి పున్నమికీ గోరింక దున్న కథే వినిపించింది. "ఇంకా పచ్చిక ఉంది. ఇంకా మేసింది." పిల్లలు ఆవలించేవారు. పెద్దలు ఎవరి తప్పు వాళ్లు తలుచుకుని నోరు మూసుకుని వినేవారు. ఒక్క దున్న మాత్రం తన కథను తానే కొత్తగా విని తల ఊపేది. మంచి మనసుకు దక్కిన పండగ అది, ఎవరు కాదంటారు?

మరుసటి ఏడు అవ్వ కథ చెప్పలేదు. గొంతు పూర్తిగా పోయిందని, వినడానికే వస్తానని కబురు పంపింది. ఆ ఏడు నెమలి, ఒక పిట్టపిల్ల తన పాటను వెతుక్కుంటూ మబ్బుల దాకా వెళ్లిన కథ చెప్పింది. గవరయ్యకు మనసు నిండిపోయింది. పొద వెనక్కి వెళ్లి, ఈసారి చెయ్యి ఆగకుండా, నెమలి బుర్రలో గింజ వేశాడు.

ఆ ఒక్క గింజ తేడాతోనే నెమలి గెలిచింది. గవరయ్య ఓడిపోయాడు. తన ఆకు మలుపు తిరుగుతుంటే చూసి నవ్వుకున్నాడు.

పక్కనే ఉన్న దున్నకు ఆశ్చర్యం వేసింది.

"ఓడిపోయి నవ్వుతావేంటి గవరయ్యా?"

ఎన్నేళ్ల కిందటో ఇదే ఒడ్డున, ఇదే ఇప్పకాయల వాసనలో, అమ్మ అన్న మాట వాన లేకుండానే గవరయ్య చెవిలో వినపడింది.

"కథ దక్కింది కదరా," అన్నాడు.

నీతి: ఎదుటివారిలోని మంచిని మెచ్చుకోకుండా దాచేస్తే, దాన్ని పోగొట్టుకునేది దాచినవాడే.