పదకొండు సారీలు

మలేషియా నుంచి వచ్చిన వారానికి లోహిత మొహం కందగడ్డ చేసుకుని పైడిరాజు మాస్టారి దగ్గరికొచ్చింది. పన్నెండు దేశాల ఆడవాళ్ళ జట్లు ఆడిన గోల్ఫ్ పోటీ అది. ఫైనల్ దాకా వెళ్ళి, బంతి వెయ్యాల్సిన ఆఖరి గుంత దగ్గర ఓడిపోయి వచ్చింది మరి. కోపం రాదూ?

"ఓడింది నేను కాదు మాస్టారూ, ముంతాజ్," అంది కూర్చోకుండానే.

లోహితకీ ముంతాజ్‌కీ పదేళ్ళ వయసప్పుడు కర్ర పట్టుకోవడం నేర్పింది ఈయనే. విశాఖలో నలభై ఏళ్ళుగా అదే పని. స్టూలు ఇటు జరిపాడు.

ఆ పోటీలో జోడీ ఆట ఒకటుంటుంది. ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒకరు కొడితే, అది ఎక్కడ పడితే అక్కణ్నుంచి రెండోవాళ్ళు కొట్టాలి. వాళ్ళు ఏ పొదలో పడేసినా నోరు మూసుకుని తియ్యాల్సిందే. కాపురం లాంటిదే అనుకోండి.

లోహిత చక్కగా పచ్చికలో పడేస్తే, ముంతాజ్ తీసుకెళ్ళి మైదానంలో అడ్డుగా ఉంచే ఇసకలో పడేసేదట. లోహిత ఇసకలోంచి లేపి గుంత పక్కన పెడితే, ముంతాజ్ బారెడు దూరం నుంచి కూడా వెయ్యలేకపోయేదట.

"కావాలని ఎవరూ తప్పు కొట్టరు కనక జోడీ ఆటలో సారీ చెప్పకూడదని మీరు మాకు నేర్పారా లేదా? పదకొండు సార్లు చెప్పింది మాస్టారూ! నేను లెక్కపెట్టాను."

"నువ్వేటన్నావమ్మా?"

"నేనేమంటాను? ఒక్క మాట అంటే ఒట్టు. కోపం దిగమింగుకుని నడిచాను."

అందుకు మెచ్చుకుంటారనే అనుకుంది పాపం. మాస్టారు లేచి కిటికీ తలుపు తెరిచాడు.

"ఇంక ఆమెతో ఆడనని మా జట్టు మేనేజర్ గారికి చెప్పేశాను. వచ్చే పోటీకి ముంతాజ్ పేరు తీసేశారు. నాకు ఇంకో జోడీని మీరే చూడాలి."

"చూసేదేటి? నాతో ఆడు."

డెబ్బై ఆరేళ్ళ మనిషి. టీ కప్పు పట్టుకుంటే సగం సాసర్లోకి ఒలికిపోతుంది. లోహితకి నవ్వొచ్చింది. అయినా మాస్టారితో ఎదురు మాట్లాడ్డం అలవాటు లేదు. ఇద్దరూ ఎండ ముదరకుండానే మైదానంలోకి వెళ్ళారు.

మొదటి దెబ్బ లోహిత కొట్టింది. బంతి తిన్నగా వెళ్ళి పచ్చిక మధ్యలో కూర్చుంది. తర్వాత మాస్టారి వంతు. మోకాళ్ళు సవరించుకుని, వణికే చేతులతో కొట్టాడు. బంతి పక్కకి దొర్లి దొర్లి ఇసకలో పడింది.

"సారీ అమ్మా."

"అయ్యో, పర్లేదు మాస్టారూ! నేను తీసేస్తానుగా," అంటూ నవ్వుకుంటూ ఇసకలోకి దిగింది. ఒక్క దెబ్బకి లేపి గుంతకి బారెడు దూరంలో పెట్టింది.

మాస్టారు వంగి చాలాసేపు గురి చూసుకున్నాడు. బంతి గుంత అంచుని రాసుకుంటూ పక్కనుంచి పోయింది.

"సారీ అమ్మా. కళ్ళు సరిగ్గా ఆనలేదు."

"పర్లేదు, ఆ నేల అటే వాలుగా ఉంది. మీ తప్పేం లేదు," అంది లోహిత. ఆ మిగిలిన జానెడూ తను కొట్టి గుంతలో వేసేసింది.

బంతి తియ్యబోయి ఆగిపోయింది. ఇప్పుడు తనన్న మాట తనకే వినిపించింది. మలేషియాలో సారీ చెప్పిన ప్రతిసారీ ముంతాజ్ ఒక్క క్షణం ఆగి తన మొహంలోకి చూసేది. లోహితేమో నీళ్ళ సీసా తీసుకుని ముందుకి నడిచిపోయేది. పదకొండు సార్లూ అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడే ఫోన్ చేస్తాను మాస్టారూ," అంది.

"ముంతాజ్ మొన్నొచ్చింది. కర్రలన్నీ నాకిచ్చేసి ఆట మానేస్తున్నానంది. ఎంత బతిమాలినా వినలేదు." మాస్టారు మెల్లిగా పచ్చిక మీద కూర్చున్నాడు. "తప్పు నాదే అనుకున్నానమ్మా. సారీ చెప్పొద్దని నేర్పాను గానీ, ఎవరైనా చెప్తే ఏమనాలో నేర్పడం మర్చిపోయానని అప్పట్నుంచీ నిద్ర లేదు."

లోహిత గుంతలోంచి బంతి తీసింది.

"అది నీకు ముందే వచ్చునన్నమాట," అన్నాడు మాస్టారు.