పుట్టలేకపోయిన మహారాజు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే ఏ రాజ్యమని మీరు అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను, దాని పేరు చిత్తరికోట. దాన్ని ఏలే ఉద్దండరాయలకు తీర్పులు చెప్పడమంటే మహా సరదా. తగవు ఆసాంతం వినే ఓపిక మాత్రం లేదు. వచ్చినవాడు గొంతు సవరించుకునేలోపే తీర్పు చెప్పేసి, మీసం దువ్వుకుంటూ అందరి మొహాలూ చూసేవాడు. చప్పట్లు కొట్టక చస్తారా?

ఒకనాడు తోలుబొమ్మలాడించే తిప్పక్క, బాలోజి ఆయన కొలువుకు వచ్చారు. పదిహేనేళ్లు కాపురం చేసి, ఇక ఒకరి పొడ ఒకరికి గిట్టక, కులపెద్దల ముందు విడిపోయినవాళ్లు. ఎడ్లలో చెరొకటి తీసుకున్నారు, గిన్నెలూ తపేలాలూ పంచుకున్నారు. చిక్కల్లా బొమ్మల దగ్గరే వచ్చింది. మొత్తం నూట ఇరవై. తోళ్లు నానబెట్టి, గీకి పలచన చేసింది అతను. గీతలు గీసి, బెజ్జాలు కొట్టి, రంగులు వేసింది ఆమె. ఆడించేది ఇద్దరూ.

ఈ సంగతి చెబుదామని తిప్పక్క నోరు తెరిచిందో లేదో, తీర్పు వచ్చేసింది.

"ఇందులో ఆలోచించేదేముంది? మగబొమ్మలు మగవాడివి, ఆడబొమ్మలు ఆడదానివి."

సభ చప్పట్లు కొట్టింది. బాలోజి మురిసిపోయాడు. ఎందుకు మురవడు? పాత కథల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు గనక! రాజులు, మునులు, రాక్షసులు, భటులు, కోతిమూక, అంతా అతని బుట్టలోకే వెళ్లింది. ఏనుగులూ గుర్రాలూ యుద్ధానికి పోతాయి కనుక అవీ మగవేనన్నారు రాజుగారు. చివరికి ఒక్క లేడి మిగిలితే, దాని లోపల ఉన్నది మారువేషం వేసిన రాక్షసుడని వాదించి బాలోజి దాన్నీ లాక్కున్నాడు. తిప్పక్కకు దక్కినవి పద్నాలుగు.

"ఆ పద్నాలుగూ నేను రెండేళ్లలో కొత్తవి చేయించుకుంటాను. నూటారు చేసుకోవడానికి నీకు జన్మ చాలదు. నా డేరాకొచ్చి కూలికి పాడుకో" అన్నాడతను చెవి దగ్గర.

తిప్పక్క కడుపు మండిపోయింది. తను దిద్దిన కళ్లు, తను నింపిన రంగులు, వాటి వెనక కూర్చుని తనే కూలికి పాడాలి! ఏడుపొచ్చింది గానీ అతని ముందు ఏడవడం ఇష్టంలేక పళ్లు బిగబట్టింది.

అప్పుడే ఆస్థానంలోని నరసభట్టు లేచాడు. నోటి చలవతో నాలుగు మెతుకులు తినే మనిషి. ఇంత గొప్ప తీర్పు ఏ రాజూ చెప్పలేదని ఆకాశానికెత్తాడు. దీన్ని ప్రజలంతా కళ్లారా చూడాలన్నాడు. వచ్చేవారం ఏలినవారి పుట్టినరోజుకు ఏలినవారి కథనే పుట్టుక మొదలుకొని ఆడించాలనీ, రెండు తెరలు పక్కపక్కనే కట్టి ఎవరి బొమ్మలు వాళ్లే ఆడించాలనీ విన్నవించాడు. తన కథ అనగానే రాజుగారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

ఈయనా రాజుకు వంతపాడేవాడే అనుకుని తిప్పక్క విసురుగా బయటికి నడిచింది. భట్టు గుమ్మం దగ్గర ఆమెను కలుసుకుని ఒక్కటే మాట చెప్పాడు.

"తీర్పు గీత దాటకమ్మా. నొప్పులు మాత్రం నిదానంగా పడనివ్వు."

పుట్టినరోజున దీపాలు పెట్టగానే ఆట మొదలైంది. రాజుగారూ, పక్కన ఆయన తల్లి రాజమాతా, వెనక ఊరంతా కూర్చున్నారు. బాలోజి తెర మీద ముసలిరాజు బొమ్మ అటూ ఇటూ పచార్లు చేస్తూ కొడుకు కోసం ఎదురుచూస్తోంది. తిప్పక్క తెర మీద పట్టపురాణి బొమ్మ మంచం పట్టుకుని మూలుగుతోంది. మంత్రసాని బొమ్మ చెంగు బిగించింది, వేణ్ణీళ్లు కాచింది, రాణి నడుం పట్టింది, మళ్లీ వేణ్ణీళ్లు కాచింది. తిప్పక్క పాట మీద పాట పాడుతోంది. బిడ్డ మాత్రం రావడంలేదు.

రాజమాత కొడుకు వైపు వంగింది. "నాయనా, నిన్ను కన్నప్పుడు నేనే ఇంతసేపు పడలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారికి చిర్రెత్తుకొచ్చింది. ఇంకా ఎందుకు పుట్టలేదని భట్టును గద్దించారు.

"ఎలా పుడతారు ప్రభూ? కనవలసిన తల్లి ఆడబొమ్మ, ఈ డేరాలో ఉంది. పుట్టవలసిన ఏలినవారు మగబొమ్మ, ఆ డేరాలో ఉన్నారు. మధ్యలో ఏలినవారి తీర్పు ఉంది."

"అయితే నేను పుట్టేదెప్పుడు?"

"తీర్పు మారితేగాని యోగం లేదు ప్రభూ."

ముందుగా రాజమాత నవ్వింది, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. ఆ నవ్వు చూసి రాజుగారికీ ఆగలేదు. నవ్వి నవ్వి అలిసి, జీవితంలో మొదటిసారి ఒక తగవులో ఎదుటివాళ్లను అడిగారు, మరెలా పంచమంటారని.

తిప్పక్క తెర వెనకనుంచి వచ్చి నిలబడింది. "కథకు కథగా పంచండి ప్రభూ. సగం కథలు అతనివి, సగం నావి. ఏ కథ ఎవరికొస్తే అందులోని ఆడా మగా గొడ్డూ గోదా అన్నీ వాళ్లవే. అప్పుడు ఎవరి డేరా వాళ్లు నడుపుకుంటాం. ఒకరి గడప ఒకరం తొక్కక్కర్లేదు."

ముందుగా ఎవరు కోరుకోవాలని బాలోజి గొణిగాడు.

"నొప్పులు పడుతున్నావిడ" అన్నారు రాజుగారు.

తిప్పక్క తిన్నగా బాలోజి డేరాలోకి వెళ్లింది. రాజుపుట్టుక కథ నాదంటూ ముసలిరాజునూ పసివాణ్ణీ బుట్టలోంచి తీసుకుంది. ఆమె తన తెర వెనక కూర్చుని మళ్లీ పాట ఎత్తుకుంది. మంత్రసాని చేతుల్లో పసివాడు కెవ్వుమన్నాడు. తప్పెట్లు మోగాయి.

రాజుగారు అక్కడికక్కడే పట్టుచీర, చేటెడు బియ్యం తెప్పించి నరసభట్టు చేతిలో పెట్టారు. ఆ రాజ్యంలో పురుడు పోసిన మంత్రసానికి ఇచ్చే కానుక అది.

"నలభైఅయిదో ఏట రాజుకు పురుడు పోసినవాడివి నువ్వొక్కడివే భట్టూ. కాదనకుండా పుచ్చుకో."

భట్టు ఏమాత్రం తడబడకుండా చీరను తలపాగా చుట్టుకున్నాడు. బియ్యం మాత్రం తీసుకెళ్లి తిప్పక్క బండిలో పెట్టాడు.

"నేను పక్కన నిలబడ్డవాణ్ణే ప్రభూ. కష్టపడి కన్నది ఈవిడ" అన్నాడు.

ఉద్దండరాయలు మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు. ఏకంగా బండెడు బియ్యం తిప్పక్కకు పంపించమని చెప్పడానికి ఆ నవ్వు ఆగేదాకా అందరూ కాచుకోవలసి వచ్చింది.