నిప్పుకొండ కింద మూడు మడుగులు

అనగా అనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజుగారు. ఆయనకు ఇద్దరు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక కూతురు, మేఖల. ఆ పిల్లకు కత్తికన్నా నాలుక పదును.

జపాను దేశంలో ఒక నిప్పుకొండ ఉందనీ, దాని పాదాల దగ్గర నీలాల సరస్సు ఉందనీ విని, చూసొస్తానని పెద్దవాడు వెళ్ళాడు. రాలేదు. అన్నను తెస్తానని రెండోవాడు వెళ్ళాడు. రాలేదు.

"ఇక నేను వెళ్తా నాన్నగారూ," అంది మేఖల.

"ఆడపిల్లవి, ఏడు సముద్రాలు..."

"ఆడా మగా అని అడిగి ముంచుతాయా సముద్రాలు?"

రాజుగారు రేవుకు కబురు పంపారు. మేఖలకు ఓడ దొరికింది.

ఏడు సముద్రాలు దాటింది. కొండ నెత్తిన పొగ, సరస్సులో అదే కొండ తలకిందులుగా! ఒడ్డున మూడు మడుగులు; ఆవిర్లు కక్కే మూడోదాంట్లో ఊరివాళ్ళు గుడ్లు ఉడకబెడుతున్నారు. తెల్లగా దిగిన గుడ్లు నల్లగా తేలుతున్నాయి. ఆ పక్కనే వరసగా రాతిబొమ్మలు. వాటిలో అన్నలిద్దరూ!

ఎర్రమూతి కోతి ఒకటి దగ్గరికొచ్చింది. "అక్కా, ఇది గంధకుడనే మాంత్రికుడి పని. చూడ్డానికొచ్చిన వాళ్ళను రాళ్ళు చేస్తాడు. వాడి ప్రాణం నడుముకు కట్టుకున్న గుడ్డులో ఉంది. అది కత్తికి తెగదు, బండకు పగలదు."

"ఉడుకుతుందా?"

కోతి బుర్ర గోక్కుంది. "ఆ మాట ఎవరూ అడగలేదక్కా!"

అంతలో గంధకుడు రానే వచ్చాడు. "ఈ కొండ నాది! ఈ సరస్సు నాది!"

"ఆగవయ్యా! కొండను నువ్వు కన్నావా? సరస్సు నువ్వు తవ్వావా? ఈ మడుగుల్లో ఒక్కసారైనా మునిగావా?"

"మునగలేకనా!" గోరువెచ్చని మడుగులో దూకాడు.

"ఓస్, ఇందులో కోతులూ మునుగుతాయి."

వేడి మడుగులో దూకాడు.

"ఓస్, ఇందులో ముసలమ్మలూ మునుగుతారు."

వాడికి రోషం పొడుచుకొచ్చింది. ప్రాణం ఒంట్లో లేనివాడికి వేడేమిటి? కుతకుతలాడే మడుగులో మెడదాకా కూర్చున్నాడు. "నువ్వు చాలనేదాకా లేవను!"

మేఖల చాలనలేదు.

గుడ్డు నల్లబడింది. లోపల ప్రాణం గట్టిపడింది. మంత్రం చదవబోతే వాడి నోట్లోంచి ఆవిరే వచ్చింది. ఆ ఆవిరిలోనే వాడూ కరిగిపోయాడు.

రాళ్ళన్నీ ఆవులిస్తూ లేచాయి.

"చెల్లీ, ఎలా వచ్చావే?" అన్నారు అన్నలు.

"మీరొచ్చిన దారినే. కాకపోతే నాకు తిరుగుదారి కూడా తెలుసు."

అలా లేచినవాళ్ళలో ఆ సరస్సుదేశపు యువరాజు ఒకడు, పేరు మినాతో. "నన్ను పెళ్ళాడతావా?" అన్నాడు.

"వాదించనిస్తావా?"

"రోజూ!"

ఏడు సముద్రాలూ దాటి రాజుగారొచ్చి పెళ్ళి చేశారు. మేఖలా, మినాతో ఇద్దరూ నిండు నూరేళ్ళు ఏలారు. కొండను చూడ్డానికి ఎవరొచ్చినా వేడి గుడ్డు చేతిలో పెట్టి, పడవెక్కించి, సరస్సంతా తిప్పి పంపారు.