ఇసుక కింద నీళ్లు, పొలుసుల కింద ఓబులేసు

నల్లమలలో ఒక వాగుంది. వానాకాలంలో గజ్జెలు కట్టుకున్న పిల్లలా గలగలమంటూ కొండ దిగుతుంది. ఎండలు ముదిరేసరికి ఇసుక దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అడవంతా వాగు ఎండిపోయిందనుకుంటుంది కానీ నీళ్లు ఎక్కడికీ పోవు. ఇసుక కింద మెల్లగా, ఎవరికీ చెప్పని ఊసులాగా నడుస్తూనే ఉంటాయి. ఆ నడక చప్పుడు వినగలిగినవాడు ఆ అడవిలో ఒక్కడే, అలుగు ఓబులేసు.

ఒంటినిండా పొలుసులు, ముందరి కాళ్లకు కొడవళ్లలాంటి గోళ్లు. నోట్లో పళ్లు లేవు, మాటలు అసలే లేవు. ఎవరైనా "ఏం ఓబులేసూ, బాగున్నావా?" అంటే చాలు, బంతిలా చుట్టుకుపోతాడు. అడిగినవాళ్లు ఆమడ దూరం వెళ్లాక మెల్లగా విప్పుకుని, ఎదురుగా ఉన్న కలేపొదతో "బాగున్నా" అంటాడు.

కానీ ఇసుకలో నీళ్ల కోసం చెలమ తవ్వాలంటే వాడే తవ్వాలి, అదీ ఎవరూ చూడనప్పుడు. వాడి చెలమ కూలదు, నీళ్లు కలకబారవు. గట్టు మీది పుట్టల్లో చీమలే వాడికి తిండి. ఆ గట్టు, ఆ ఇసుక ఉంటే వాడికి ఇంకేం అక్కర్లేదు.

ఆ గట్టు మీదే గోరువంక సుబ్బక్క ఉండేది, వాడు నోరు విప్పేది ఆమె ఒక్కతి దగ్గరే. నోరు మూసుకుంటే జబ్బు చేస్తుందేమోనని భయపడే రకం.

"ఒరే, ఈ చెలమలు నేనే తవ్వానని ఒక్కమాట నలుగురిలో చెప్పరా."

"పని బాగుంటే అదే చెబుతుంది కదక్కా."

"పనికి నోరుందట్రా?"

"అయినా చెప్పేస్తే అందరూ నేర్చేసుకుంటారు. ఇంక నన్నెవరు పిలుస్తారు?"

"ఇప్పుడెవరు పిలుస్తున్నార్రా నాయనా!"

ఓబులేసు మళ్లీ బంతిలా చుట్టుకున్నాడు.

ఆ ఏడు మోదుగులు ఎర్రగా పూసి, అడవికి నిప్పంటుకుందా అన్నట్టున్న రోజుల్లో పెద్ద దున్న పొద్దున్నే పంచాయతీ పెట్టింది. "ఈ వేసవికి ఒక నీళ్లకాపును పెట్టుకుందాం. చెలమలు తవ్వగలిగినవాడికే ఆ పని. ఈ గట్టంతా వాడిదే, నీళ్లు తాగడానికి తప్ప ఇంకెవరూ ఇక్కడ కాలు పెట్టకూడదు. ఇన్నాళ్లూ మనకు నీళ్లిచ్చిన చెలమలు తవ్విందెవరు?"

అంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నక్క సింగారం మాత్రం కాళ్లకు బురద పూసుకుని మరీ వచ్చాడు. నీళ్లకాపుగా కూర్చుంటే దాహానికొచ్చే కౌజుపిట్టలు తిన్నగా నోటిదాకా వస్తాయి కదా!

"నేనే పెద్దయ్యా," అన్నాడు వినయంగా. "చెప్పుకోవడం నాకిష్టం ఉండదు. చూడండి, తవ్వి తవ్వి కాళ్లెలా అయ్యాయో!"

"అబద్ధం!" అని అరిచింది సుబ్బక్క. "తవ్వింది మా ఓబులేసు!"

వంద కళ్లు ఒక్కసారిగా ఓబులేసు వైపు తిరిగాయి. ఇంకేముంది, ఓబులేసు బంతి.

దున్న దగ్గరికొచ్చి మూతితో కదిపింది. "ఇది రాయి కదమ్మా?"

"రాయి కాదు పెద్దయ్యా, పనిమంతుడు."

"పనిమంతుడైతే నోరు విప్పడానికేం రోగం?"

పొలుసుల లోపల చీకటిలో ఓబులేసు లెక్కలు వేసుకుంటున్నాడు. గట్టు పోతే చీమల్లేవు. చీమల్లేకపోతే తనూ లేడు. 'నేనే' అనబోయి, ఇంకా గట్టిగా చుట్టుకున్నాడు.

సుబ్బక్క ఒక్క క్షణం ఆలోచించింది. ఎగిరొచ్చి బంతి మీద వాలి, గొంతులో తేనె పోసుకుంది. "పోనీలే సింగారం మావా, నువ్వే తవ్వావు. ఎలా తవ్వావో మాలాంటి మొద్దులకు కాస్త చెప్పకూడదూ? ఇలా దగ్గరికొచ్చి చెప్పు, నాకు చెవులు మందం."

నక్క ఉబ్బిపోయి బంతి పక్కనే నిలబడ్డాడు. "ఏముందమ్మా! పైన తడి ఎక్కడ కనిపిస్తే అక్కడ గోరు పెట్టడమే."

బంతి కొంచెం కదిలింది.

"బావిలా నిటారుగా, ఎంత లోతుకు పోతే అంత గొప్ప."

బంతి లోంచి చిన్న మూలుగు వినిపించింది.

"మరి అడుగున గులకరాళ్లు పేర్చావేం మావా?"

"అందానికి!"

"అందానికా?" అని ఒక అరుపు. సుబ్బక్క గాల్లోకి ఎగిరిపడింది. బంతి విప్పుకుంది. "అందానికేంట్రా నీ మొహం! రాళ్లు లేకపోతే ఇసుక పైకి పొంగి చెలమ పూడిపోదూ? నిటారుగా తవ్వితే గోడ నిలుస్తుందా? మూతి వెడల్పుగా, చేటలా వాలుగా రావాలి! పైన తడిని చూసి తవ్వితే నాలుగు రోజులకే ఎండిపోతుంది. వాగు వంపు తిరిగిన చోట, ముతక ఇసుకలో, చెవి ఆనించి వినాలి. గలగలమంటే పైపై నీళ్లు. గుసగుసమంటే, అదీ! అవి ఎండాకాలమంతా ఉండే నీళ్లు. జింకలకు ఒక పక్క దారి వదలాలి, లేకపోతే గిట్టలకు అంచు విరిగిపోతుంది..."

చెబుతూ చెబుతూ ఓబులేసు ఇసుకలో బొమ్మలు గీస్తున్నాడు. అందరూ చుట్టూ మూగారు. వంద కళ్లు తననే చూస్తున్నాయన్న సంగతి వాడికి గుర్తే లేదు.

నక్క గొంతు సవరించుకున్నాడు. "శభాష్! నేను నేర్పింది ఒక్క ముక్క మర్చిపోలేదు. వీడు నా శిష్యుడు పెద్దయ్యా."

ఓబులేసు తలెత్తాడు. ఇప్పుడు వాడికి బెరుకు లేదు, పని మీదున్నాడు. "అయితే గురువుగారూ, కొత్త చెలమలో మొదట ఊరిన నీళ్లను ఏం చేయాలి?"

"తాగాలి!" అన్నాడు నక్క ఠక్కున.

"ఇవాళ తెల్లవారుజామున ఒకటి తవ్వాను. అదిగో."

"తాగు నాయనా," అంది దున్న. "గురువు తాగాకే మేం."

ఇక తప్పలేదు. నక్క కుళ్లిన ఆకుల వాసన కొట్టే ఆ బురదనీళ్లు నాలుగు గుక్కలు మింగాడు. ఐదో గుక్కకు కళ్లు తేలేశాడు. కడుపు పట్టుకుని పొదల్లోకి ఒకటే పరుగు.

"తోడి పారబోయాలి," అన్నాడు ఓబులేసు, వెళ్లిపోతున్న తోక వైపు చూస్తూ.

గట్టు ఓబులేసుకే దక్కింది. వాడు భయపడ్డట్టే మర్నాడు అందరూ తవ్వడం మొదలుపెట్టారు. జింకకు గిట్ట నొచ్చింది. ఎలుగుబంటి వినడానికని ఇసుక మీద చెవి ఆనించి నిద్రపోయింది. మూడోరోజుకు అంతా వాడి దగ్గరికే వచ్చారు. అడవిపందులు రాళ్లు మోస్తామన్నాయి. ముసలి తాబేలు వచ్చి, ఎగువ వంపులో ఇసుక కింద బండ ఉందని, దాని పక్కన నీళ్లు నిలుస్తాయని చెప్పింది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఓబులేసుకు కూడా తెలియదు.

"ముందే చెప్పకూడదా తాతా?" అన్నాడు.

"నువ్విలాంటి పని చేస్తావని నాకెవరు చెప్పారురా?" అంది తాబేలు.

ఇప్పుడు పక్క కొండ వాళ్లు కూడా ఓబులేసు కోసం కబురు పంపుతున్నారు. "బాగున్నావా?" అంటే ఇప్పటికీ చుట్టుకుపోతాడు. "చెలమ ఎలా తవ్వాలి?" అని మాత్రం అడగకండి. పొద్దుగూకేదాకా వదలడు. సుబ్బక్కకు మధ్యలో ఒక్కమాట దూర్చే సందు కూడా ఇవ్వడు.

నీతి: నీ పని గురించి నువ్వు నోరు విప్పకపోతే, ఆ పని తెలియనివాడు దాన్ని తనదని చెప్పుకుంటాడు.