గీతలన్నీ పడిపోయిన రోజు

కామయ్య మేస్త్రికి అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. రేవులో పడవల జీపీఎస్ పెట్టెలు బాగుచేసే ఆయన, అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించి ఊరుకుంటాడు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న లోవరత్నం భర్తను సముద్రం తీసుకుపోయి మూడేళ్ళయింది. ఆనాటినుంచి ఆమె రేడియో ఆగింది లేదు. ఎక్కడికి వెళ్ళినా సంచిలో పాడుతూనే ఉంటుంది. నిశ్శబ్దమంటే ఆమెకు భయం. ఒక మధ్యాహ్నం పనిచేస్తూ చేస్తూ అడిగేసింది.

"మేస్త్రిగారూ, మా ఆయన మొహం గుర్తొస్తంది గానీ గొంతు గుర్తురావట్లేదండీ. ఒక్కసారి 'రత్నం' అని పిలిచినట్టు వినపడితే చాలు. అంత దూరం ఎల్లిపోయాడంటారా?"

అంతలో పడవ నడిపే సరంగు ఒకడు పరుగెత్తుకొచ్చాడు. పోటు తగ్గేలోగా బయల్దేరాలట, జీపీఎస్ చూస్తే పడవ ఎక్కడుందో చెప్పడం లేదట. "పద," అన్నాడు మేస్త్రి రత్నంతో.

పడవలో పెట్టె తెరమీద, అందే సిగ్నల్ బలాన్ని చూపిస్తూ ఉపగ్రహానికొక గీత. అన్నీ పొట్టిగా పడి ఉన్నాయి.

"ఉపగ్రహాలు దూరం జరిగిపోయాయేమోనండీ," అన్నాడు సరంగు.

"అవి ఎప్పుడూ ఉన్నంత దూరంలోనే ఉన్నాయి," అన్నాడు మేస్త్రి.

రత్నం కేబుల్ మార్చింది. పైకెక్కి యాంటెన్నా మార్చింది. లాభం లేకపోయింది. అప్పుడు మేస్త్రి దారి చెప్పాడు. "ఒక్క గీత పడితే ఆ వైపు ఏదో అడ్డున్నట్టు. అన్నీ ఒకేసారి పడితే సిగ్నల్‌ను ముంచేసే గోల పడవలోనే ఉన్నట్టు. కరెంటుతో నడిచేవన్నీ ఒక్కొక్కటే ఆపుకుంటూ రా."

ఆమె లైట్లు ఆపింది, ఫ్యాను ఆపింది, వైర్‌లెస్ ఆపింది. చివరికి, నిన్ననే కళాసీలు సినిమాల కోసం బిగించుకున్న టీవీ బూస్టర్ ఆపింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక గీత లేచింది, ఆ వెనక ఇంకొకటి, చివరికి అన్నీ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామని సరంగు నాలిక్కరుచుకున్నాడు.

పడవలో ఇక మోగుతున్నది రత్నం సంచిలోని రేడియో ఒక్కటే. ఆమె చాలాసేపు దానివైపు చూసింది. ఆపింది. పడవ పక్కకు నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"ఏమీ వినపడట్లేదండీ."

మేస్త్రి పక్కనున్న వలకుప్ప చూపించాడు.

"ఆపగానే గీతలు లేచాయా అమ్మా? కూర్చో."