ఒలికిన ముంత బొమ్మ

ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. నిద్దరొచ్చేవాళ్లు ఇలా నా ఒళ్లో తల పెట్టండి. చెప్తున్నా.

అనగనగా, మన తాతల తాతలకి కూడా తాతలున్న కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో గవరమ్మ అని ఒకామె పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. ఏ ఇంట బిడ్డ పుట్టినా ఆమె బొంతలోనే చుట్టేవారు. ఆమెకి మాత్రం పిల్లల్లేరు.

ఒక వానాకాలం ఏరు పొంగి, పై ఊరి నుంచి ఒక పిల్ల దిక్కులేక వచ్చింది. పేరు పైడి. ఒక ఇంటివాళ్లు ఉంచుకున్నారు, పళ్లేనికి సొట్ట పెట్టిందని పంపేశారు. ఇంకో ఇంటివాళ్లు ఉంచుకున్నారు, పాలు ఒలకబోసిందని పంపేశారు. మూడో ఇల్లు గవరమ్మది.

పైడి గడప దగ్గరే కూర్చుంది. లోపలికెళ్తే ఏదో ఒకటి విరుగుతుందని దాని భయం.

భయపడినట్టే అయింది. నీళ్లు తెస్తూ కాలు జారి "అమ్మా!" అని అరిచింది. కుండ ముక్కలైపోయింది. గవరమ్మ పరుగున వచ్చి, కుండ వంక చూడలేదు, పిల్ల మోకాలు చూసింది.

"పోతే పోయింది. నువ్వున్నావు కదే గుంటా."

తరవాత పైడి మేకని సరిగ్గా కట్టలేదు. మేక ఎటో పోయింది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని గట్లన్నీ తిరిగారు. దొరకలేదు.

"పోతే పోయింది. నువ్వున్నావు కదే గుంటా."

కానీ ఒకరోజు పైడి ఏం చూసిందీ? గవరమ్మ ఒక మూల కూర్చుని ఎర్రచీర ముక్కల మీద బొమ్మలు కుడుతోంది. పగిలిన కుండ ఒకటి. తాడు ఊడిన మేక ఒకటి.

'ఓలమ్మో! నా తప్పులన్నీ కుట్టి పెడతంది. మూడోది పడ్డాక ఊరందరికీ చూపించి పంపేస్తాది' అనుకుంది పైడి. ఆనాటి నుంచి పిల్లిలా నడిచింది.

అంతలో మునసబు గారి కూతురి పురుడు దగ్గరపడింది. వాళ్ల ముత్తవ్వ చీరలతో గవరమ్మ బొంత కుట్టి, వాకిట్లో పరిచింది. పైడి నూనె ముంత పట్టుకుని వస్తోంది. ఎక్కడ పడతానో అని కాళ్ల వంకే చూస్తూ, ఎదురుగా ఉన్న గుంజకి గుద్దుకుంది. నూనంతా బొంత మీదే!

పైడి ఇక ఆగలేదు. పరిగెత్తి ఏటి ఒడ్డున బోర్లించిన పడవ కింద దూరింది.

"పైడీ! ఓలే పైడీ!"

దూరంగా పిలుపు. దగ్గరగా పిలుపు. ఆఖరికి ఏడుపు గొంతుతో పిలుపు. అది వినలేక పైడి బయటికొచ్చింది.

"మూడో బొమ్మ కూడా కుట్టీ. నన్ను పంపీ" అంది.

"ఏ బొమ్మే?"

"కుండా, మేకా... నా తప్పులు."

గవరమ్మ ఇసకలో కూలబడింది. "ఓసి పిచ్చి గుంటా! నీకు పుట్టినప్పటి బొంత లేదని నా పెళ్లిచీర కోసి కుడతన్నానే. కుండ పగిలిన రోజే కదే నన్ను మొదటిసారి అమ్మా అన్నావు! మేక పోయిన రోజే కదే నా చెయ్యి పట్టుకున్నావు!"

"మరి నూనె?"

"పోతే పోయింది. నువ్వున్నావు కదే!"

అప్పుడు పైడి ఎన్నాళ్ల ఏడుపో అంతా ఏడ్చేసింది. ఇంటికొచ్చి రెండు ముంతల గంజి తాగి, రోజూలా గోడ వంక కాకుండా అమ్మ వంక తిరిగి పడుకుంది.

గవరమ్మ ఆ మరక పక్కనే ఒలికిన ముంత బొమ్మ కుట్టి మునసబు ఇంటికి పట్టుకెళ్లింది.

"ఇదేటే?" అంది మునసబు గారి భార్య.

"మా పిల్ల నూనె ఒలకబోసిందమ్మా. రేపు మీ మనవడూ ఒలకబోస్తాడు. వాడిదీ కలిపి ముందే కుట్టేశాను."

ఆవిడ కాసేపు ముఖం ముడుచుకుంది. తరవాత నవ్వాపుకోలేకపోయింది.

గవరమ్మ పోయాక పైడి కుట్టింది. పైడి తరవాత ఊరంతా కుట్టింది. ఇప్పటికీ అక్కడ బిడ్డ పుట్టకముందే బొంత మూల ఒలికిన ముంత కుడతారు. అక్షరాలు రానివాళ్లు కూడా పిల్లలకి ఆ బొమ్మ చూపించి ఈ కథ చెప్తారు. ఏ పిల్లైనా ఏదైనా పగలగొట్టి బిక్కమొహం వేస్తే, దగ్గరున్నవాళ్లు ఎవరైనా సరే అనే మాట ఇదే:

"పోతే పోయిందిలే. గవరమ్మ ముందే కుట్టేసింది."

కథ బొంతలోకి, మనం బొంత కిందకి.